మళ్ళీ రాకెట్ పట్టుకుందామా?



ఈ పూట మీతో ఒక చిన్న విషయం మాట్లాడదామని వచ్చాను. చిన్నదే గానీ కంకిపాడు, ఉయ్యూరు, పోరంకి, కానూరు చుట్టుపక్కల చాలా ఇళ్ళలో గది తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉన్న విషయం. షటిల్ రాకెట్.

2020కి ముందు మీరు షటిల్ ఆడేవారు. కరోనా వచ్చింది. కోర్టుకి తాళం పడింది. ఆట ఆగిపోయింది. కొన్నాళ్ళకి తాళం తీశారు. మీరు మాత్రం వెళ్ళలేదు. వచ్చే నెల చూద్దాం, పండగ అయ్యాక చూద్దాం, ఎండలు తగ్గాక చూద్దాం అనుకుంటూనే ఐదేళ్ళు దాటిపోయాయి. ఇప్పుడు మళ్ళీ వెళ్ళాలా, ఇక వదిలేయాలా? ఈ ప్రశ్న మనసులో ఉన్నవాళ్ళతోనే ఇవాళ నా మాట.

పతకాల కోసం ఆడేవాళ్ళ సంగతి నేను చెప్పడం లేదు. వాళ్ళకి కోచ్ ఉంటాడు, ఫిజియో ఉంటాడు, ముందు ఒక టోర్నమెంటు ఉంటుంది. మన సంగతి వేరు. పొద్దున్నే గంటసేపు ఆడి, చెమట తుడుచుకుని, బయట బడ్డీ కొట్టు దగ్గర టీ తాగి, ఎరువుల కొట్టు తెరవడానికో, బడికో, బ్యాంకుకో వెళ్ళేవాళ్ళం మనం. ఆడమని మనల్ని ఎవరూ అడగరు. మానేస్తే ఎందుకు మానేశావనీ అడగరు. అందుకే మనం తిరిగి వెళ్ళడం ఇంత కష్టం.

ఒక్కసారి ఆ కోర్టుని గుర్తు తెచ్చుకోండి. రేకుల షెడ్డు. లోపల గోడలకి ముదురు ఆకుపచ్చ రంగు. తెల్లటి కాక్ కంటికి ఆనాలంటే వెనక గోడ ముదురుగా ఉండాలి కదా. తలుపులు మూసేసేవాళ్ళం. మండే మే నెలలో కూడా ఫ్యాన్ వేసేవాళ్ళం కాదు. ఎందుకంటారా? ఆ కాక్ బరువు ఐదు గ్రాములు. ఫ్యాన్ గాలి తగిలితే చాలు, దారి తప్పుతుంది. కాబట్టి గాలి లేకుండా, నలుగురం ఒకే కప్పు కింద, రొప్పుతూ, అరుచుకుంటూ, చెమటలో తడిసిపోతూ ఆడేవాళ్ళం.

ఆట బాగుండడానికి ఏది కావాలో, సరిగ్గా అదే జబ్బు పాకడానికీ కావాలి. మూసిన తలుపులు, కదలని గాలి, గట్టిగా ఊపిరి తీసే మనుషులు. అందుకని షటిల్ కోర్టులు మూయడం న్యాయమే. అందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

2020 మార్చి 22, ఆదివారం. జనతా కర్ఫ్యూ. మూడు రోజులకి, మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఇరవై ఒక్క రోజులే కదా అనుకున్నాం. బెజవాడలో రైతుబజార్లను ఖాళీ మైదానాల్లోకి మార్చి, ముగ్గుతో గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో మనిషిని నిలబెట్టి వంకాయలు, బెండకాయలు అమ్మారు. పిల్లలు ఆడుకునే నేల మీద అంత నిశ్శబ్దంగా వరసలు కట్టి నిలబడ్డ జనాన్ని నేను అంతకుముందు చూడలేదు.

ఆటస్థలాలు వేరే పనికి మారడం మన దగ్గరే కాదు. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో మంచు మీద స్కేటింగ్ చేసే పెద్ద మందిరం ఒకటుంది. దాని పేరు పలాసియో దె ఇయెలో. ఆదివారం పూట ఉద్యోగస్తులు, అమ్మలు, నాన్నలు కాళ్ళకి స్కేట్లు కట్టుకుని సరదాగా తిరిగే చోటు. 2020 మార్చిలో ఊళ్ళో శవాగారాలు చాలక, ఆ చల్లటి నేల మీద కరోనాతో పోయినవాళ్ళ భౌతికకాయాలను ఉంచారు. తర్వాత దాన్ని మళ్ళీ ఆటకి తెరిచారు. ఆలోచించండి, ఆ మంచు మీదికి మళ్ళీ అడుగు పెట్టేవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో! మనవి రేకుల షెడ్లు, వాళ్ళది మంచు. ప్రశ్న మాత్రం ఒకటే. మళ్ళీ వెళ్ళాలా, వద్దా?

మన దగ్గర రెండో దెబ్బ 2021 వేసవిలో తగిలింది. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. మొదటిసారి ఇంట్లో కూర్చున్నాం గానీ, రెండోసారి మనుషుల్ని పోగొట్టుకున్నాం. ఏ బ్యాచ్‌ని కదిపినా ఒక పేరు తక్కువ. మా బ్యాచ్‌లోనూ అంతే. ఆయన సర్వీసు చేసే ముందు కాక్‌ని ఒకసారి పెదవుల దగ్గరికి తెచ్చుకుని ఊదేవాడు. ఎందుకో ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి లేడు.

సరే. కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అంతకు ముందే మన కోర్టులు తెరిచారు. మరి మీరు ఎందుకు వెళ్ళలేదు?

అడిగితే అందరూ మొదట చెప్పే మాట భయం. జబ్బు భయం కాదు, గుండె భయం.

ఆ భయం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు, మీకూ తెలుసు. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో పోయాడు. నలభై ఆరేళ్ళు. 2022 ఫిబ్రవరి 21న మన రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి గారు పోయారు. యాభై ఏళ్ళు. ఇద్దరూ ఒంటిని శ్రద్ధగా చూసుకుంటారని పేరున్నవాళ్ళే. ఆ తర్వాత హైదరాబాద్‌లో షటిల్ ఆడుతూ ఆడుతూ ఒకాయన కుప్పకూలిపోయిన వీడియో ఫోన్లలో తిరిగింది. అది చూసిన ఇల్లాలు ఎవరైనా, రాకెట్ తీసుకుని బయల్దేరే మనిషికి అడ్డం నిలబడుతుంది. నిలబడితే తప్పేముంది?

ఈ భయాన్ని తీసిపారేయకూడదు. అలాగని దాని చేతికి పగ్గాలు ఇవ్వకూడదు. అసలు తెలిసిందేమిటో చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, దీని మీద ఒక పరిశీలన చేసింది. 18 నుంచి 45 ఏళ్ళ లోపు, అప్పటిదాకా ఆరోగ్యంగా కనబడి హఠాత్తుగా పోయినవాళ్ళ వివరాలు సేకరించింది. 2023లో ఫలితాలు బయటపెట్టింది. టీకా వల్ల ఆ ప్రమాదం పెరగలేదు అని తేల్చింది. రెండు డోసులు వేసుకున్నవాళ్ళలో తగ్గింది కూడా. మరి పెరిగింది ఎవరిలో? కరోనాతో ఆసుపత్రిలో చేరినవాళ్ళలో. ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా చనిపోయిన చరిత్ర ఉన్నవాళ్ళలో. చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో విపరీతంగా మందు తాగినవాళ్ళలో. ఒంటికి మించిన శ్రమ చేసినవాళ్ళలో.

మళ్ళీ చెప్తాను, ఎందుకంటే ఇది ముఖ్యం. ఆసుపత్రిలో చేరేంత కరోనా వచ్చిందా? ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెతో పోయారా? రాత్రి విందులో బాగా తాగి, తెల్లారి కోర్టుకి వెళ్ళే అలవాటుందా? ఈ మూడింటిలో ఒక్కదానికి అవునన్నా, రాకెట్ ముట్టుకునే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బీపీ, షుగరు, ఈసీజీ చూపించుకోండి. నలభై దాటినవాళ్ళు మూడింటికీ కాదన్నా సరే వెళ్ళండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఆటకి ముందు ఏం తినాలో అడిగి తెలుసుకోండి. పరగడుపున ఆడితే షుగరు పడిపోవచ్చు.

ఇంకొక మాట. ఆడుతుండగా ఛాతీ పట్టేసినా, దవడో ఎడమ చెయ్యో లాగినా, కళ్ళు తిరిగినా, ఆట అక్కడే ఆపేయండి. ఇరవై–పంతొమ్మిది మీద ఉన్నా ఆపేయండి. ‘గ్యాసేలే’ అని సోడా తాగి మళ్ళీ దిగకండి. మన జిల్లాల్లో ఆ ‘గ్యాసేలే’ అన్న మాట ఎంతమందిని తీసుకుపోయిందో! ప్రతి బ్యాచ్‌లో ఇద్దరైనా సీపీఆర్ నేర్చుకోండి. పడిపోయిన మనిషి ఛాతీ మీద గట్టిగా, వేగంగా, ఆగకుండా నొక్కడం. మీ ఆటగంటల్లో ఒక గంట దానికి ఇవ్వండి.

కరోనా తర్వాత చాలాకాలం నీరసం వదలని వాళ్ళు కొందరున్నారు. వాళ్ళకి ఒక గుర్తు చెప్తాను. ఆడిన రోజు బాగానే ఉంటుంది. మర్నాడో ఎల్లుండో మంచం దిగలేరు. అలా అవుతుంటే బలవంతంగా ఇంకా ఆడితే బలం రాదు, ఇంకా తగ్గుతుంది. వాళ్ళు ఇప్పుడు ఆగడమే మంచిది.

ఇక గుండె బాగుంది, డాక్టరు సరేనన్నాడు అనుకుందాం. మొదటి రోజు కోర్టులో దిగారు. ఏం జరుగుతుంది?

చెయ్యి మరిచిపోదు. కాలు మరిచిపోతుంది. ఇదొక్కటీ గట్టిగా గుర్తుపెట్టుకోండి. చెయ్యి మరిచిపోదు, కాలు మరిచిపోతుంది.

మీరు ఐదేళ్ళ తర్వాత రాకెట్ పట్టుకున్నా, మణికట్టు తిప్పడం వస్తుంది. నెట్ మీద డ్రాప్ అలా పడుతుంది. అవతలి వాళ్ళు ‘అబ్బో, ఏం మారలేదండీ మాస్టారూ’ అంటారు. ఆ మాటే ప్రమాదం. ఎందుకంటే ఈ ఐదేళ్ళలో పిక్కలు ఆ పరుగు చెయ్యలేదు. మోకాళ్ళు ఆ వంగుడు వంగలేదు. బుర్రలో ఉన్న ఆట 2019లోది. కింద ఉన్న కాళ్ళు ఇవాళ్టివి.

పక్క ఊరి మాస్టారు ఒకాయన అలాగే వచ్చాడు. రెండు రోజులు అద్భుతంగా ఆడాడు. మూడో రోజు, నెట్ దగ్గర పడుతున్న కాక్ కోసం వెనక నుంచి ఒక్క ఊపున ముందుకి ఉరికాడు. ‘టప్’ మని చప్పుడు. ఆయన పడలేదు, ఆగి వెనక్కి తిరిగి, ‘ఎవరయ్యా తన్నింది?’ అన్నాడు. వెనక ఎవరూ లేరు. మేం ముగ్గురం ఆయన ఎదురుగానే ఉన్నాం, పార్ట్‌నర్‌తో సహా.

మడమ మీద, పిక్కని కలుపుతూ తాడులాంటిది ఒకటి ఉంటుంది. అకిలిస్ టెండన్ అంటారు డాక్టర్లు. అది తెగితే సరిగ్గా అలాగే ఉంటుంది. వెనక నుంచి ఎవరో కాలితో తన్నినట్టు. ముప్పై దాటి, చాలాకాలం ఆపి, ఒక్కసారిగా ఆటలోకి దిగిన మగవాళ్ళకే ఇది ఎక్కువగా అవుతుంది. షటిల్‌లో మరీను. తెగాక మళ్ళీ ఆడాలంటే ఆర్నెల్ల పైమాటే.

షటిల్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ గారి సంగతి మీకు తెలుసు. 1994లో డబుల్స్ మ్యాచ్‌లో ఆయన మోకాలు ఘోరంగా దెబ్బతింది. జాతీయ ఛాంపియన్ అయింది 1996లో. ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001లో. దెబ్బకీ ఆ గెలుపుకీ మధ్య ఏడేళ్ళు. దెబ్బ తగిలేనాటికి ఇరవై ఏళ్ళ కుర్రాడు, ఆటే జీవితం అనుకున్నవాడు. ఆయనకే అంత ఓపిక పట్టింది. మనం ఒక్క వారంలో పాత లెక్కకి వచ్చేద్దాం అనుకుంటాం!

కాబట్టి కోర్టుకి వెళ్ళే ముందు రెండు మూడు వారాలు ఇంట్లోనే కాళ్ళని తయారు చేసుకోండి. పెద్ద పని కాదు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ మడమలు ఎత్తండి, నెమ్మదిగా దించండి. కుర్చీ ముందు నిలబడి, కూర్చోబోయినట్టు వంగి, కూర్చోకుండా లేవండి. సాయంత్రం కాలవ గట్టు మీద బాగా వేగంగా నడవండి. బందరు కాలవ ఉన్నదే కదా మనకి. ఆ తర్వాత కోర్టుకి వెళ్ళండి. వెళ్ళినా రోజు విడిచి రోజు. రెండు గేములు. మూడోది ఆడాలనిపిస్తుంది, అయినా ఆడకండి.

గుండె గురించి చెప్పాను, కాళ్ళ గురించి చెప్పాను. కానీ నాకు నిజం అనిపించేది ఇంకొకటి ఉంది. చాలామంది తిరిగి రాకపోవడానికి గుండె కారణం కాదు, మోకాలు కారణం కాదు. వాళ్ళ గంట పోయింది.

ఏ గంట? తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా, ఇల్లంతా తెలిసిన గంట. ‘నాన్న షటిల్‌కి వెళ్ళాడు’ అని పిల్లలకి తెలుసు. పాలవాడికి తెలుసు. ఆ టైముకి ఎవరూ ఫోన్ చెయ్యరు. ఆ గంట ఇల్లు ఇచ్చింది, ఏళ్ళ తరబడి అలవాటుగా ఇచ్చింది. కరోనాలో ఆ గంట ఇంట్లో కలిసిపోయింది. నెలల తరబడి అందరం ఇంట్లోనే ఉన్నాం కదా. ఆ గంటలోకి నిద్ర వచ్చి కూర్చుంది. ఫోన్ వచ్చి కూర్చుంది. పెద్దవాళ్ళ మందులు, పిల్లాడిని కోచింగ్‌కి దింపడం వచ్చి కూర్చున్నాయి. కోర్టు తాళం తీశారు గానీ, గంట ఎక్కడిది?

ఆడవాళ్ళ విషయంలో ఇది మరీ నిజం. కరోనాకి ముందు మన వైపు కోర్టుల్లో పది గంటలకి లేడీస్ బ్యాచ్‌లు మొదలయ్యాయి. పిల్లలు బడికి, మగవాళ్ళు పనికి వెళ్ళాక దొరికే గంట అది. పంజాబీ డ్రెస్ వేసుకుని, చున్నీ నడుముకి బిగించుకుని, మొదట సిగ్గుపడి, నెలలో స్మాష్‌లు కొట్టిన ఆడవాళ్ళున్నారు. బళ్ళు మూసేశారు. పిల్లలు ఇంట్లో, ఫోన్‌లో క్లాసులు. పది గంటలకి టిఫిన్ గిన్నెలు, పదకొండుకి లెక్కల క్లాసు. 2021 ఆగస్టు 16న రాష్ట్రంలో బళ్ళు మళ్ళీ తెరిచారు. పిల్లలు వెళ్ళారు. కానీ ఏణ్ణర్ధంలో ఆ పది గంటల గంటకి ఇంట్లో కొత్త పనులు అతుక్కుపోయాయి. వాటిని పీకి అవతల పెట్టే మాట ఆమె నోటి నుంచే రావాలా? ఇంట్లో ఉన్న మగవాళ్ళకి నా విన్నపం ఒక్కటే. ‘నువ్వు మళ్ళీ వెళ్ళవూ? పది గంటలకి వచ్చే గ్యాస్ సిలిండరూ, కొరియరూ నేను చూసుకుంటాలే’ అనండి. ఆ మాట ఆమె అడగకముందు అనండి.

గంటతో పాటు పోయింది ఇంకొకటి ఉంది. మనుషులు. షటిల్ డబుల్స్‌కి నలుగురు కావాలి. ముగ్గురుంటే కుదరదు. జిమ్‌కి ఒక్కడూ వెళ్ళొచ్చు, నడకకి ఒక్కడూ వెళ్ళొచ్చు. మన ఆట అలాంటిది కాదు. మీ నలుగురిలో ఒకాయన హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒకాయన మోకాలి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఒకాయన లేడు. మీరొక్కరే మిగిలారు. రాకెట్ సంచి భుజాన వేసుకుని ఒంటరిగా వెళ్తే, కోర్టులో అందరూ పాతికేళ్ళ కుర్రాళ్ళు. ‘అంకుల్, మీరు ఆడతారా?’ అని అడుగుతారు. మర్యాదగానే అడుగుతారు. ఆ మర్యాదకే మనసు చివుక్కుమని వెనక్కి వచ్చేసినవాళ్ళు నాకు తెలుసు.

నేను ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నది నిజానికి ఇదే. తిరిగి వెళ్ళాలా వద్దా అని అద్దం ముందు నిలబడి మిమ్మల్ని మీరు అడుగుతున్నారు. ఈ ప్రశ్న అక్కడ తేలదు. ఒక గంటని ఇంట్లోవాళ్ళతో మాట్లాడి ఒప్పించుకోవాలి. ఇంకో ముగ్గురిని వెతుక్కోవాలి. ఆ గంట, ఆ మనుషులు కుదిరితే కాళ్ళు వాటంతట అవే కదులుతాయి. కుదరకపోతే ఎంత ఖరీదు రాకెట్ కొన్నా అది మేకుకే ఉంటుంది.

‘ఈ వయసులో ఏం వెళ్తాంలే’ అనేవాళ్ళకి రెండు సంగతులు చెప్తాను.

మొదటిది మళ్ళీ మంచు మీది ఆట కథే. 2020 మార్చిలో కెనడాలోని మాంట్రియల్‌లో ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ పోటీలు జరగాలి. కరోనా వల్ల రద్దు చేశారు. ఆ పోటీలు మాంట్రియల్‌కి మళ్ళీ వచ్చింది 2024 మార్చిలో. ఆ ఏడాది జంటల విభాగంలో స్వర్ణం గెలిచిన అమ్మాయి పేరు డియానా స్టెలాటో డూడెక్. అమ్మాయి అన్నాను గానీ, ఆమెకి నలభై ఏళ్ళు. అమెరికాలో పుట్టింది. 2001లో, ఇంకా ఇరవై ఏళ్ళయినా నిండకుండానే, తుంటి గాయాలతో ఆట మానేసింది. చర్మ సౌందర్యానికి సంబంధించిన ఉద్యోగంలో చేరింది. ఒకసారి ఆఫీసువాళ్ళు సరదాగా ఒక ఆట ఆడించారట. ‘ఓడిపోవడం అనేదే లేదని తెలిస్తే నువ్వేం చేస్తావు?’ అన్నది ప్రశ్న. ఆమె నోటి నుంచి ఒలింపిక్ స్వర్ణం గెలుస్తానన్న మాట వచ్చింది. పాత స్కేట్లు మళ్ళీ బయటికి తీసింది. 2016లో మళ్ళీ మంచు మీదికి వచ్చింది. ఒంటరిగా ఆడినామె, ఈసారి పార్ట్‌నర్‌ని వెతుక్కుంది. అదీ నాకు నచ్చిన సంగతి. పాత ఆటకి తిరిగి వెళ్ళలేదు. కొత్త మనిషితో కొత్తగా మొదలుపెట్టింది.

రెండోది మన ఆటలోదే. 2021 డిసెంబరులో స్పెయిన్‌లోని హువెల్వా ఊళ్ళో మన గుంటూరు కిదాంబి శ్రీకాంత్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం గెలిచాడు. అది మనందరం టీవీల్లో చూశాం. చప్పట్లు కొట్టాం. కానీ ఆ పోటీలకి కొద్ది రోజుల ముందే అదే ఊళ్ళో ఇంకో ప్రపంచ పోటీ జరిగింది. సీనియర్ల పోటీ. ముప్పై ఐదేళ్ళు దాటినవాళ్ళ నుంచి డెబ్బై ఐదు దాటినవాళ్ళ దాకా విభాగాలు. కరోనా ఇంకా పూర్తిగా పోని రోజుల్లో, నెరిసిన జుట్టుతో, మోకాలికి పట్టీలతో, ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చి ఆడారు. అక్కడ ఆడినవాళ్ళని టీవీలు చూపించలేదు. వాళ్ళకి అది అక్కర్లేదు కూడా.

అంత దూరం ఎందుకు, బెజవాడలో ఇండోర్ స్టేడియం ఉంది కదా, దానికి దండమూడి రాజగోపాలరావు గారి పేరు పెట్టారు. ఉయ్యూరు దగ్గర గండిగుంటలో పుట్టిన మనిషి. బరువులెత్తిన వీరుడు. నర్తనశాల సినిమాలో భీముడు. కంకిపాడుకి కూతవేటు దూరంలో అలాంటి మనిషి పుట్టిన నేల మనది. ఇక్కడివాళ్ళకి ఒంటిని కష్టపెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. నెమ్మదిగా కష్టపెట్టడం మాత్రం నేర్చుకోవాలి.

ఇక వెళ్ళకూడదని తేల్చుకున్నవాళ్ళు. వాళ్ళని నేను తప్పు పట్టను. ఆ కోర్టులో స్నేహితుడి గొంతు వినిపిస్తుంది, నావల్ల కాదు అన్న మనిషితో నేను వాదించలేదు. డాక్టరు వద్దన్నవాళ్ళు ఉన్నారు. నడకలో హాయి దొరికినవాళ్ళు ఉన్నారు. ఆట మానేస్తే మానేయండి. కానీ ఆ మనుషుల్ని మానేయకండి. ఆదివారం పూట వెళ్ళి బెంచీ మీద కూర్చుని స్కోరు చెప్పండి. టీ కొట్టు దగ్గర కలవండి. మీరు వస్తే ఆ నలుగురికీ ఎంత బలమో మీకు తెలియదు.

వెళ్దామనుకున్నవాళ్ళు, ఈ రాత్రికే సంచి దించండి. ముందు బూట్లు చూడండి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. ఐదేళ్ళు పెట్టెలో ఉన్న బూట్లు పైకి కొత్తగానే ఉంటాయి. అడుగున బొటనవేలితో గట్టిగా నొక్కి, వంచి చూడండి. సోల్ జిగురు వదిలేసి ఉంటుంది, లేదా పెళుసుబారి పొడిపొడిగా రాలుతుంది. అవి వేసుకుని దిగితే మొదటి పరుగులోనే సోల్ ఊడి, మీరు ముందుకి, అది వెనక్కి. చీలమండ మడత పడేది అక్కడే. రాకెట్ పాతదైనా ఫరవాలేదు. బూట్లు మాత్రం కొత్తవి కొనండి.

రాకెట్ పిడి చుట్టూ ఉన్న గ్రిప్ జిగురు జిగురుగా చేతికి అంటుకుంటుంది. పీకేసి కొత్తది చుట్టించండి. గట్టింగ్ వాడకపోయినా సడలిపోతుంది. మళ్ళీ వేయించండి. వేసే కుర్రాడు ‘ఎంత టెన్షన్ అంకుల్?’ అని అడుగుతాడు. పాత లెక్క చెప్పకండి. తగ్గించి వేయమనండి. గట్టింగ్ వదులుగా ఉంటే కాక్ తేలిగ్గా దూరం పోతుంది, భుజం మీద, మోచేతి మీద భారం తగ్గుతుంది. డబ్బాలో మిగిలిపోయిన ఈకల కాక్‌లు ఎండిపోయి ఉంటాయి, రెండు దెబ్బలకే విరిగిపోతాయి. మొదటి నెల నైలాన్ కాక్ చాలు.

కోర్టులో తలుపు దగ్గర ఒక కిటికీ తెరిచి పెట్టమని అడగండి. ఆట కొంచెం చెడుతుంది. చెడనివ్వండి. దగ్గు, జలుబు ఉన్న రోజు ఇంట్లో ఉండండి. 2019లో ముక్కు కారుతూ వచ్చి ఆడితే మగతనం అనుకునేవాళ్ళం. ఇప్పుడు అలా రావడం పక్కవాడికి అన్యాయం.

చివరిగా ఫోన్. మీ పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఇంకా ఉండే ఉంటుంది. అందులో పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ ఉండవు. గ్రూపులో మెసేజ్ పెట్టకండి. దానికి అందరూ బొటనవేలు చూపిస్తారు, ఎవరూ రారు. ఒక్కొక్కరికి ఫోన్ చెయ్యండి. ‘ఏమోయ్, సోమవారం ఐదున్నరకి వస్తున్నాను, రెండే గేములు, స్కోరు లెక్కపెట్టం, వస్తావా?’ అని అడగండి. ఇద్దరే దొరికితే నాలుగో మనిషిగా ఆ కుర్రాళ్ళలో ఒకడిని పిలవండి. ‘అంకుల్’ అన్న కుర్రాడినే పిలవండి. వాడు వెనక కోర్టంతా పరిగెడతాడు. నెట్ దగ్గర కాక్ ఎక్కడ వెయ్యాలో మీరు వాడికి చూపిస్తారు.